సిరి కాపాడని గండికోట

మా తుమ్మలపల్లె ఉన్న కడప జిల్లాలోనే, జమ్మలమడుగు దగ్గర పెన్న లోయ అంచున గండికోట ఉంది. విజయనగర రాజుల అండన పెమ్మసాని నాయకులు దాన్ని ఏలారు. లోయే అగడ్త. ఆ పెన్న సీమలో వజ్రాలు దొరికేవి. ఇక భయమేమిటి అనుకుంటాం కదూ?

1565లో విజయనగరం ఓడింది, పెద్దదిక్కు సన్నగిల్లింది. తర్వాత గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కోటను పట్టాడు. ఆయనా వజ్రాల వర్తకుడే! 1652లో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే వచ్చేసరికి, గుళ్లలోని రాగి విగ్రహాలు కరిగించి ఫిరంగులు పోయిస్తున్నారట. నాలుగేళ్లకే మీర్ జుమ్లా గోల్కొండతో చెడి, మొగలాయిల పంచన చేరాడు.

చూశారా! సిరి కోటను కాపాడలేదు, శత్రువుకు దారి చూపింది. వజ్రాలు పోయాయి, మాధవరాయ గుడి, జుమ్మా మసీదు, ధాన్యపు కొట్టు మిగిలాయి. వెళ్తే పిల్లలకు ముందుగా ఆ కొట్టు చూపించండమ్మా.