కంపోజిటర్ (తెలుగు ముద్రణ)

సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి, వరుసలుగా పేర్చి, పుటను అచ్చుకు సిద్ధం చేసే పనివాడు కంపోజిటర్. పందొమ్మిదో శతాబ్ది మొదలుకొని 1980ల దాకా తెలుగు పుస్తకాలకు, పత్రికలకు ఇతని చేతులే ఆధారం. కంప్యూటర్ వచ్చాక ఈ వృత్తి ఇరవై ఏళ్లు తిరక్కుండానే దాదాపు కనుమరుగైంది.

తెలుగు తొలి అచ్చు తెలుగునాట జరగలేదు. బెంజమిన్ షుల్జ్ అనే మతబోధకుడు 1746-47లో జర్మనీలోని హాలే నగరంలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. తర్వాత బెంగాల్‌లోని సేరంపూరులో విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో వెలువడింది. అచ్చుపని వేళ్లూనింది మాత్రం మద్రాసులోనే. సి.పి. బ్రౌన్ నిఘంటువు 1852లో అక్కడే అచ్చయింది. వావిళ్ల రామస్వామి శాస్త్రులు 1854లో అక్కడే ముద్రణాలయం పెట్టారు.

ఇంగ్లిషు కూర్పుకు రెండు కేసులు (అక్షరాలు ఉంచే గళ్ల పెట్టెలు) సరిపోయేవి. గుణింతాలు, ఒత్తులు ఉన్న తెలుగుకు వందల గళ్లు కావాలి. ఎడమచేత అక్షరాలు పేర్చే స్టిక్కు, కళ్లేమో రాతప్రతి మీద. ఏ అక్షరం ఏ గడిలో ఉందో కుడిచేతికి తెలిసి ఉండాలి. అక్షరాలన్నీ అద్దంలో బొమ్మల్లా తిరగబడి కనిపిస్తాయి, వాటిని అలాగే చదవగలగాలి. గాలీ ప్రూఫు (దిద్దడానికి తీసే తొలి అచ్చు), దిద్దుబాట్లు, ఫారం (అచ్చుకు కట్టిన పుటల చట్రం) బిగింపు పూర్తయి అచ్చు ముగిశాక అక్షరాలను మళ్లీ ఏ గడివి ఆ గడిలో వేయాలి. దీన్నే డిస్ట్రిబ్యూషన్ అనేవారు. చిన్న ప్రెస్సుల్లో టైపు చాలకపోతే కట్టిన ఫారం విప్పేదాకా తర్వాతి పుట ఆగాల్సిందే. రోజంతా నిలబడటం, చేతులకు సీసం అంటడం ఈ పనిలో మామూలే.

రచయితల గొలుసుకట్టు రాత చదవడం, రాతలోని ‘ణ’, ‘న’ల తడబాటును అడగకుండానే సరిచేయడం కూడా మంచి కంపోజిటర్ చేసేవాడు. కూలి లెక్క పేజీలకే, దీనికి కాదు. అందుకే ప్రెస్సులు కంప్యూటర్లకు మారినప్పుడు ఈ విద్యను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

1985లో పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, లేజర్ ప్రింటర్ జతగా వచ్చి డెస్క్‌టాప్ పబ్లిషింగ్‌కు (డీటీపీ) దారి వేశాయి. తెలుగుకు అను వంటి ఫాంట్లు తయారయ్యాయి. కేసులు తుక్కు ధరకు పోయాయి. వాటి చోట కీబోర్డు ముందు కూర్చునే ‘డీటీపీ ఆపరేటర్’ వచ్చాడు. అక్షరాలు కూర్చే పని, పుట కట్టే పని రెండూ ఒక్క మనిషివే అయ్యాయి. కొత్తగా చేరినవారిలో టైపు నేర్చిన కుర్రవాళ్లు, అమ్మాయిలు ఎక్కువ. పాత కంపోజిటర్లలో కొందరే కీబోర్డుకు మళ్లారు. ప్రూఫ్ రీడర్ మరికొన్నాళ్లు మిగిలాడు, తర్వాత ఖర్చు తగ్గింపులో ముందు పోయింది ఆ కుర్చీయే. పుస్తకాల్లో ముద్రారాక్షసాలు పెరగడానికి యంత్రం కన్నా ఈ పొదుపే పెద్ద కారణం.

డీటీపీ ఫాంట్లకు ఒక లోపం ఉంది. ఏ ఫాంటు సంకేతాలు దానివే, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పుటంతా పిచ్చిగీతలే. దీనికి విరుగుడుగా ప్రతి అక్షరానికి అంతటా ఒకే సంకేతం ఇచ్చే యూనికోడ్ 1991లోనే తెలుగుకు చోటిచ్చింది. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చాకే అది సామాన్యుల చేతికి అందింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. రచయితే తన రచనను టైపు చేసుకోసాగాడు. ఆపరేటర్‌కు టైపు పని తగ్గి, పుట రూపకల్పన మిగిలింది. పేజ్‌మేకర్ కొత్త కూర్పులు 2001తో ఆగిపోయినా చాలా ప్రెస్సులు ఏళ్ల తరబడి దాన్నే పట్టుకుని నడిచాయి.

టైపు తర్వాత అనువాదమూ యంత్రం చేతికి వెళ్లింది. గూగుల్ అనువాదంలోకి తెలుగు 2011లో వచ్చింది, 2017లో న్యూరల్ పద్ధతికి మారింది. ఇప్పుడు మాట్లాడితే అక్షరాలు పడుతున్నాయి, ఫొటో తీస్తే పాత పుట పాఠంగా మారుతోంది, అడిగితే కృత్రిమ మేధ వ్యాసమే రాసిపెడుతోంది. ఈ పనుల చుట్టూ పుట్టిన కొత్త కొలువులు యంత్రం అనువదించినదాన్ని దిద్దడం, దానికి నేర్పే పాఠాలను సరిచూడటం వంటివి. వీటికి వేగంగా టైపు చేయడం కన్నా ఒత్తు ఎక్కడ తప్పిందో పట్టుకునే కన్ను అవసరం. పాత పుస్తకాల స్కాన్లలో యంత్రం ‘ప’ను ‘వ’గా చదివిన చోట్లను మూలంతో పోల్చి దిద్దే పని నేటికీ మనుషులే చేస్తున్నారు.