దొంగ తుపాకీ, ఎరుక లేని పెంపు: అమెరికా ఫెడరల్ శిక్షల లెక్కపై ఒక పరిశీలన

అమెరికాలో చిన్న దొంగతనాలను, కొద్దిపాటి మాదకద్రవ్యంతో పట్టుబడిన కేసులను చాలావరకు రాష్ట్రాల కోర్టులే విచారిస్తాయి. అదే సోదాలో తుపాకీ కూడా దొరికితే కేసు ఫెడరల్ కోర్టుకు వెళ్లవచ్చు. అక్కడ శిక్ష ఖరారయ్యే తీరులో ఒక వైరుధ్యం ఉంది. దొంగ తుపాకీ ఉంచుకున్నాడన్న నేరం రుజువు కావాలంటే, అది దొంగసొత్తని నిందితుడికి తెలుసనో, తెలియడానికి తగిన కారణం ఉందనో ప్రాసిక్యూషన్ నిరూపించాలి. వేరే ఆయుధ నేరంలో అదే కారణంతో శిక్ష పెంచడానికి మాత్రం ఆ ఎరుక అక్కర్లేదు. ఈ పెంపు ఎన్ని నెలల జైలవుతుందో, దాన్ని సమర్థించే వాదనలు ఎంతవరకు నిలుస్తాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చట్టం గీసిన హద్దులు

యునైటెడ్ స్టేట్స్ కోడ్ 18వ భాగంలోని 922(జె) ప్రకారం, దొంగిలించినదని తెలిసి తుపాకీని ఉంచుకున్నా, అమ్మినా గరిష్ఠ శిక్ష 10 ఏళ్లు. లైసెన్సు ఉన్న వ్యాపారి దుకాణం నుంచి తుపాకీ దొంగిలిస్తే 922(యు) కింద గరిష్ఠం అంతే. ఏడాదికి మించి జైలు పడగల నేరంలో దోషిగా తేలినవారు, మాదకద్రవ్యాలు అక్రమంగా వాడేవారు అసలు తుపాకీ దగ్గర ఉంచుకోకూడదని 922(జి) నిషేధిస్తోంది. ఈ నిషేధాన్ని ఉల్లంఘించిన వారికి గరిష్ఠ శిక్షను 2022 జూన్‌లో వచ్చిన చట్టం 10 నుంచి 15 ఏళ్లకు పెంచింది.

మాదకద్రవ్యాన్ని సొంత వాడకానికి ఉంచుకున్నట్లు తొలిసారి రుజువైతే ఫెడరల్ చట్టంలో గరిష్ఠం ఏడాది. అమ్మకం నేరమై, దానికి అండగా తుపాకీ ఉంచుకున్నట్లు తేలితే 924(సి) కింద కనీసం 5 ఏళ్లు పడుతుంది. మిగతా శిక్ష పూర్తయ్యాకే ఇది మొదలవుతుంది.

స్థాయిలు, నెలలు

ఈ హద్దుల లోపల జైలుకాలాన్ని సూచించేవి 1987 నవంబరు 1 నుంచి అమల్లో ఉన్న శిక్షా మార్గదర్శకాలు. నేర తీవ్రతకు 43 స్థాయిలు, పూర్వ నేరచరిత్రకు 6 వర్గాలు ఉంటాయి. రెండూ కలిసే గడిలో నెలల శ్రేణి కనిపిస్తుంది. 2005లో బుకర్ కేసు తీర్పుతో ఇవి తప్పనిసరి కాకుండా పోయాయి. అయినా న్యాయమూర్తి ముందు ఈ లెక్క కట్టాలి.

ఊహించిన ఉదాహరణ ఒకటి తీసుకుందాం. పూర్వం దొంగతనాల్లో దోషిగా తేలి, మూడో వర్గంలోకి వచ్చే వ్యక్తి దగ్గర మామూలు పిస్తోలు దొరికింది. మూలస్థాయి 14. నేరం ఒప్పుకుంటే 2 తగ్గి 12 అవుతుంది. శ్రేణి 15–21 నెలలు. ఆ తుపాకీ దొంగసొత్తని తేలితే 2 కలిసి 16 అవుతుంది. 16, ఆపై స్థాయిల్లో సకాలంలో ఒప్పుకున్నవారికి, ప్రాసిక్యూటర్ కోరితే, 3 తగ్గుతాయి కాబట్టి చివరి లెక్క 13. శ్రేణి 18–24 నెలలు. ఇక మరో తీవ్రనేరానికి ఆ తుపాకీ తోడ్పడిందని కోర్టు భావిస్తే ఇంకో 4 కలుస్తాయి. స్థాయి 20కి చేరి, ఒప్పుకోలు తర్వాత 17 దగ్గర ఆగుతుంది. శ్రేణి 30–37 నెలలు. ఇందులో దొంగసొత్తు అంశం తీసేస్తే 24–30 నెలలే. అంటే శ్రేణి అడుగుభాగం ఆరు నెలలు జరిగింది.

ఆ 4 స్థాయిల పెంపులోనూ తేడాలున్నాయి. మాదకద్రవ్యాల అమ్మకం కేసులో సరుకు పక్కనే తుపాకీ ఉంటే చాలు. సొంత వాడకపు కేసుల్లో మాత్రం తుపాకీ ఆ నేరాన్ని సుగమం చేసిందని, లేదా చేయగలదని చూపాలని పలు అప్పీలు కోర్టులు అడుగుతున్నాయి. ఇల్లు దోచేటప్పుడు తుపాకీ దొరికి తీసుకున్నా, దానితో మరేమీ చేయకపోయినా, ఈ పెంపు వర్తిస్తుందని మార్గదర్శకాల వ్యాఖ్య చెబుతోంది.

ఎరుక ఎందుకు అక్కర్లేదు?

నిందితుడికి తెలిసినా తెలియకపోయినా దొంగసొత్తు పెంపు వర్తిస్తుందని అదే వ్యాఖ్య చెబుతోంది. అప్పీలు కోర్టులు దీన్ని విస్తృతంగా సమర్థించాయి. వాటి వాదనలో బలం లేకపోలేదు. అధికారులు ఆయుధం జాడ తీసేటప్పుడు తయారీదారు నుంచి తొలి చిల్లర కొనుగోలుదారు దాకా వెళ్తారు. దొంగతనం జరిగితే అక్కడి నుంచి దారి తెగిపోతుంది. పైగా తుపాకీ ఉంచుకునే హక్కే లేనివాడు దాని పుట్టుపూర్వోత్తరాల గురించి జాగ్రత్తపడాల్సింది తానేనన్నది మరో వాదన.

ఈ రెండో వాదన నాకు పూర్తిగా సరిపోదనిపిస్తుంది. నిషేధం ఉన్నా తుపాకీ పట్టుకున్న తప్పు మూలస్థాయి 14లోనే లెక్కకు వచ్చింది. అదే తప్పును మళ్లీ పెంపునకు సమర్థనగా చూపడం న్యాయంగా లేదు. పైగా శిక్ష దశలో వాస్తవాలను జ్యూరీ నిస్సందేహంగా తేల్చనక్కర్లేదు. సాక్ష్యం ఎటు మొగ్గిందో న్యాయమూర్తి చూస్తే చాలు.

ఎరుక నిరూపించడం ఆచరణసాధ్యం కాదనే అభ్యంతరానికి ఈ మార్గదర్శకాలను రూపొందించే శిక్షా కమిషన్ చేసిన మార్పే జవాబు. 2023లో, సీరియల్ నంబరు అసలే లేని తుపాకులకు పెంపు తెచ్చినప్పుడు, ఆ సంగతి నిందితుడికి తెలిసి ఉండాలని, లేదా కావాలనే కళ్లు మూసుకుని ఉండాలని నిబంధన పెట్టింది. ఒకచోట పెట్టగలిగిన ఆ షరతు పక్క పేరాలో పెట్టలేమనడానికి బలమైన కారణం కనిపించదు.

ముగింపు

న్యాయమూర్తులు సూచించిన శ్రేణికి దిగువన శిక్ష వేయవచ్చు కాబట్టి ప్రతి నిందితుడూ ఈ ఆరు నెలలు అదనంగా జైల్లో గడుపుతున్నాడని చెప్పలేం. దొంగ తుపాకుల ముప్పు చిన్నదనీ చెప్పడం లేదు. తెలిసి కొన్నవాడికి రెండు స్థాయిలు ఉంచి, తెలియనివాడికి పెంపు తీసేస్తే ఆ ముప్పును చట్టం తక్కువ చేసినట్లు కాదు. నేర నిర్వచనంలో ఎరుకకు ఇచ్చిన విలువనే శిక్షలోనూ ఇచ్చినట్లవుతుంది. మనిషి స్వేచ్ఛను నెలల్లో కొలిచే చోట ఆ మాత్రం పొందిక కోరడం సబబు.