గ్రీన్‌విల్ ఆపరేషనూ, షుగరు బిళ్ళల లెక్కా

నేనుండే రాలీ నుంచి తూర్పుకి గంటన్నర కారు నడిపితే గ్రీన్‌విల్ అని ఒక ఊరొస్తుంది. నార్త్ కరొలైనాలో అటువైపంతా పొగాకు నేల. గుంటూరు, ఒంగోలు వైపు పుట్టినవాళ్ళకి బ్యారన్లంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. ఈ ఊళ్ళో ఈస్ట్ కరొలైనా యూనివర్సిటీ ఉంది. అక్కడి సర్జన్ వాల్టర్ పోరీస్ 1995లో 'ఆనల్స్ ఆఫ్ సర్జరీ' పత్రికలో ఒక వ్యాసం వేశాడు. దాని పేరు మొదట్లోనే, మన మాటల్లో చెప్పాలంటే, "ఎవరనుకున్నారు ఇలా అవుతుందని?" అని ఉంటుంది. వైద్య పత్రికల్లో ఇంత అమాయకంగా ఆశ్చర్యపోయిన శీర్షిక నేను ఇంకోటి చూడలేదు.

ఆయన ఆశ్చర్యానికి కారణం ఇది. బరువు తగ్గించడానికి పొట్టకి చేసిన ఆపరేషన్ షుగరు వ్యాధిని లొంగదీసింది. అదీ బరువు తగ్గాక కాదు, రోజుల్లోనే.

నిజానికి ఈ సంగతి మొదట కనిపించింది 1955లో. ఫ్రీడ్‌మన్, శాన్సెట్టా, మెగవర్న్ అనే ముగ్గురు డాక్టర్లు అల్సర్ కోసం పొట్టలో ఎక్కువ భాగం తీసేసిన ముగ్గురు రోగుల గురించి రాశారు. ఆ ముగ్గురికీ షుగరు ఉంది, ఆపరేషన్ తర్వాత మెరుగైంది. ముగ్గురంటే ఎవరు పట్టించుకుంటారు? ఎవరూ పట్టించుకోలేదు. అదే రోజుల్లో, 1954లో, మిన్నెసోటాలో పేగుల్లో చాలా భాగాన్ని దాటవేసే ఆపరేషన్ గురించి రాశారు. దానితో బరువు బాగానే తగ్గేవారు గానీ లివర్ పాడైపోయేది, విరేచనాలు ఆగేవి కావు. అల్సర్‌కి పొట్ట కోయించుకున్నవాళ్ళు తిరిగి లావెక్కడం లేదని గమనించి, 1966లో అయోవాలో ఎడ్వర్డ్ మేసన్, చికావో ఇటో కలిసి గ్యాస్ట్రిక్ బైపాస్ మొదలుపెట్టారు. పోరీస్ బృందం గ్రీన్‌విల్‌లో 1980 నుంచి తమ పద్ధతిలో చేసిందీ ఈ ఆపరేషనే.

1980లో అమెరికాలో షుగరు రోగికి ఏ మందులుండేవో తెలిస్తే ఈ కథ ఇంకా బాగా అర్థమవుతుంది. ఇన్సులిన్ ఉంది. సల్ఫొనైల్‌యూరియా జాతి బిళ్ళలు ఉన్నాయి. అంతే. మన ఇళ్ళల్లో పారాసెట్‌మాల్ అంత మామూలైపోయిన మెట్‌ఫార్మిన్ని ఫ్రాన్సులో జాన్ స్టెర్న్ 1957లోనే రోగులకి వాడి చూపించాడు, కానీ అమెరికా ఒప్పుకున్నది 1994 డిసెంబర్‌లో. దాని చుట్టమే అయిన ఫెన్‌ఫార్మిన్ రక్తంలో ఆమ్లం పెంచి కొందరి ప్రాణాలు తీయడంతో, 1977లో దాన్ని మార్కెట్లోంచి తీయించారు. ఆ భయం చాలా ఏళ్ళు పోలేదు.

సల్ఫొనైల్‌యూరియాల పుట్టుక ఇంకో చిత్రం. 1942లో, యుద్ధం నడుస్తుండగా, ఫ్రాన్సులోని మోంపెలియేలో జాన్‌బోన్ అనే డాక్టరు టైఫాయిడ్ రోగులకి కొత్త సల్ఫా మందు ఒకటి ఇచ్చి చూశాడు. కొందరికి షుగరు ప్రమాదకరంగా పడిపోయింది. లూబాతియేర్ అనే ఆయన ఎందుకని వెతికితే, ఆ మందు పాంక్రియాస్‌ని పిండి ఇన్సులిన్ బయటికి తెప్పిస్తోందని తేలింది. ఇవాళ మనవాళ్ళు వేసుకునే గ్లిమిపిరైడ్ ఆ వంశంలోదే. మీరు అన్నం తిన్నారా లేదా అన్నది దానికి అనవసరం, పిండుతూనే ఉంటుంది. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

1995 వ్యాసంలో పోరీస్ చూపించిన లెక్క: మొత్తం 608 మందికి బైపాస్. వాళ్ళలో షుగరు ఉన్న 146 మందిలో 121 మందికి, అంటే నూటికి 83 మందికి, షుగరు మామూలు స్థాయికి వచ్చి అక్కడే నిలబడింది.

నాకు అంతకంటే నచ్చింది అదే బృందం 1997లో ప్రచురించిన ఇంకో లెక్క. షుగరు ఉండి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు 154 మంది. ఆపరేషన్‌కి అర్హులై ఉండీ చేయించుకోనివాళ్ళు 78 మంది. ఎందుకు చేయించుకోలేదంటే, కొందరు వద్దనుకున్నారు, కొందరికి ఇన్సూరెన్స్ కంపెనీలు డబ్బివ్వలేదు. (అమెరికాలో ఉన్నవాళ్ళు ఈ వాక్యం దగ్గర ఒక నిట్టూర్పు విడవచ్చు.) చేయించుకోనివాళ్ళలో మొదట నూటికి 56 మంది మందుల మీద ఉంటే, చివరికి ఆ సంఖ్య 87 దాటింది. చేయించుకున్నవాళ్ళలో 32 దగ్గర మొదలై 9 లోపుకి దిగింది. చనిపోయినవాళ్ళు ఆపరేషన్ వైపు నూటికి 9 మంది, ఇటువైపు 28 మంది. చీటీలు వేసి పంచిన గుంపులు కావు కాబట్టి ఇదే తుది రుజువు అనలేం. కానీ ఇన్సూరెన్స్ వాళ్ళు కాదన్న ఒక్క కారణంతో రెండో గుంపులో పడినవాళ్ళని తలుచుకుంటే మనసుకి కష్టంగానే ఉంటుంది.

ఇదంతా నేనెందుకు చదివానంటే, మా పెద్దమ్మగారబ్బాయి వల్ల. తెనాలిలో ఉంటాడు. ఆపరేషన్ నాటికి 46 ఏళ్ళు, 104 కిలోలు, పన్నెండేళ్ళ షుగరు. విజయవాడలో బైపాస్ చేశారు, బాగానే చేశారు. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో ఒక్క ముక్క ఉంది: మెట్‌ఫార్మిన్ కొనసాగించాలి. గ్లిమిపిరైడ్ ఆపాలని వేరే రాయలేదు, ఎందుకంటే ఆ పేరుతో విడిగా ఆయన మందుల్లో ఏదీ లేదు. ఉన్నది రెండూ కలిపిన బిళ్ళ. ఇండియాలో ఇది చాలా మామూలు. అట్టమీద పెద్దక్షరాల్లో కంపెనీ పేరు, లోపల ఏముందో చీమ తలకాయంత అక్షరాల్లో.

మూడో రోజు పొద్దున, లోపలికి పోయింది కాసిని మజ్జిగ తేట, నాలుగు చెంచాల పప్పుకట్టు. పదకొండింటికి మనిషికి చెమటలు పట్టి, చేతులు వణికాయి. మా వదిన మీటర్ పెట్టి చూస్తే 62. గ్లూకోజు కలిపిన నీళ్ళు కొంచెం కొంచెంగా తాగించి, ఆస్పత్రికి ఫోన్ చేసి, వాళ్ళు చెప్పాక ఆ బిళ్ళ ఆపేసింది. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి, "ఏమయ్యా, ఒక బిళ్ళలో రెండు మందులు పెట్టి, ఒకటి ఆపమంటే నేను కత్తెరతో కోయాలా?" అని అడిగింది. మా ఫీల్డులో దీన్నే డిపెండెన్సీ సమస్య అంటారు వదినా అని చెప్పబోయి ఊరుకున్నాను.

ఆమె అడిగింది అసలు ప్రశ్న. నేను డాక్టర్ని కాదు, మాస్టర్స్ చేసింది కంప్యూటర్ సైన్సులో. అయినా చదివి తెలుసుకున్నది రాస్తున్నాను, మీ డాక్టర్ని ఏం అడగాలో తెలియడానికి.

ఆపరేషన్‌కి ముందు ఒకటి రెండు వారాలు ద్రవాహారం మీద పెడతారు. తిండి తగ్గగానే ఇన్సులిన్ మోతాదూ తగ్గాలి, అంటే మందుల లెక్క ఆపరేషన్ బల్ల ఎక్కకముందే మారడం మొదలవుతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి, షుగరుని మూత్రంలోకి పంపే మందుల్ని కనీసం మూడు రోజుల ముందే ఆపాలని అమెరికా ఎఫ్‌డీఏ 2020లో లేబుళ్ళ మీద రాయించింది. ఉపవాసంలో వాటివల్ల కీటోఅసిడోసిస్ రావచ్చు, ఆ సమయంలో మీటర్ మీద అంకె మామూలుగానే కనిపించి మోసం చేయవచ్చు. వారానికోసారి పొడుచుకునే సెమాగ్లుటైడ్ లాంటి ఇంజక్షన్లు పొట్ట ఖాళీ అవడాన్ని నెమ్మదిస్తాయి కాబట్టి, 2023లో అమెరికా మత్తుడాక్టర్ల సంఘం ఒక వారం ముందు ఆపమంది. 2024లో ఇతర సంఘాలతో కలిసి కొంత సడలించి, మనిషిని బట్టి నిర్ణయించమంది. అందుకే మత్తు ఇచ్చే డాక్టరుకి ఆ ఇంజక్షన్ సంగతి దాచకుండా చెప్పాలి.

ఆపరేషన్ తర్వాత సామాన్యంగా ముందు ఆపేది సల్ఫొనైల్‌యూరియాలనే, కారణం పైన చెప్పాను. ఇన్సులిన్ బాగా తగ్గిస్తారు. మెట్‌ఫార్మిన్ ఉంచవచ్చు గానీ, నెమ్మదిగా కరిగే ఎస్‌ఆర్ రకం కాకుండా మామూలుది ఇస్తారు. పేగు దారి మారిపోయింది కదా, నెమ్మదిగా కరిగే బిళ్ళని పాత దారి కొలతలతో తయారుచేశారు. మెట్‌ఫార్మిన్ కూడా, బైపాస్ కూడా, రెండూ బీ12ని తగ్గిస్తాయి. రెండూ ఒక మనిషిలోనే ఉంటే కాళ్ళ తిమ్మిర్లన్నీ షుగరు వల్లే అనుకోకూడదు.

మరి షుగరు పోయినట్టేనా? మా అన్నయ్య ఆర్నెల్లకే వీధిలో అందరికీ పోయిందని చెప్పేశాడు, మీటర్ ఎవరికో ఇచ్చేయబోతే వదిన లాక్కుంది. 2004లో రుబినో అనే సర్జన్ లావు లేని షుగరు ఎలుకలకి పేగు మొదటి భాగాన్ని దాటవేస్తే షుగరు తగ్గిందని చూపించాక, ఇది బరువు కథ ఒక్కటే కాదని అందరికీ అర్థమైంది. 2012లో క్లీవ్‌లాండ్, రోమ్ నగరాల నుంచి చీటీలు వేసి పంచి చేసిన పరీక్షలు వచ్చాయి. క్లీవ్‌లాండ్‌లో ఏడాది తర్వాత లక్ష్యం చేరింది మందులవాళ్ళలో నూటికి 12 మంది, బైపాస్ వాళ్ళలో 42. 2016లో 45 సంఘాలు కలిసి షుగరు వైద్యంలో ఆపరేషన్‌కి స్థానం ఇచ్చాయి, మన ఆసియా వాళ్ళకి బీఎంఐ గీతని రెండున్నర తగ్గించి మరీ. కానీ స్వీడన్ వాళ్ళు ఏళ్ళ తరబడి వెంటపడి చూసిన లెక్క 2014లో వచ్చింది. ఆపరేషన్ అయిన రెండేళ్ళకి షుగరు కనిపించనివాళ్ళు నూటికి 72. పదిహేనేళ్ళకి 30. ఆపరేషన్ లేనివాళ్ళకంటే (ఆరున్నర) ఇది ఎన్నో రెట్లు మెరుగే, కానీ 30 అంటే 30. ఎన్నేళ్ళుగా షుగరు ఉందన్నదాన్ని బట్టి కూడా ఈ అదృష్టం మారుతుంది, మా అన్నయ్యది పన్నెండేళ్ళది.

ఆయనకి ఆపరేషన్ అయి మూడేళ్ళయింది. 79 కిలోలు. రోజుకి రెండు మామూలు మెట్‌ఫార్మిన్ బిళ్ళలు, క్రమం తప్పకుండా బీ12. మూడు నెలల సగటు మొన్న 6.4 వచ్చింది, అంతకు ముందు 6.1. ఆ రెండు అంకెలూ వదిన కాలెండర్ వెనకాల రాసిపెట్టుకుంది, పక్కనే ప్రతి బిళ్ళ లోపల ఏ మందు ఎంతుందో కూడా.