మైకు వైరు నుంచి యూఎస్‌బీ దాకా: డెల్టా రంగస్థలం మీద పొడవాటి తీగల చరిత్ర

కృష్ణా పశ్చిమ డెల్టాలో తెనాలి మొదలుకొని రేపల్లె, బాపట్ల మీదుగా సముద్రపు అంచున నిజాంపట్నం దాకా పరుచుకున్న నేలకు చరిత్ర గ్రంథాల్లో ప్రధానంగా దక్కిన పేరు రేవుపట్నాలది. 1606లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు అద్దకపు బట్టల కోసం ఓడలు దిగి, పెద్దపల్లి అనే పాతపేరును పెటపోలిగా తమ లెక్కల పుస్తకాల్లోకి ఎక్కించిన చోటే నేటి నిజాంపట్నం. ఇదే నేలకు ఇంకొక చరిత్ర ఉంది, అది రంగస్థలానిది. బాపట్లలో 1902లో పుట్టి తెనాలి రామవిలాస సభ ద్వారా ఆంధ్రదేశమంతటా స్త్రీ పాత్రలకు పేరుపొందిన స్థానం నరసింహారావు, ఈలపాట రఘురామయ్య, మాధవపెద్ది వెంకట్రామయ్య వంటి నటులు నిలబెట్టిన ఆ చరిత్రలో నాటకాల పేర్లు, నటుల పేర్లు, సభల పేర్లు దొరుకుతాయి గాని, ఆ మాటనూ పద్యాన్నీ చివరి వరుసలో చాపమీద కూర్చున్నవాని చెవిదాకా చేరవేసిన తీగల ప్రస్తావన దాదాపు కనిపించదు. ఈ వ్యాసం ఆ తీగల గురించినది. శబ్దం పుట్టే చోటుకూ దాన్ని పెద్దది చేసే యంత్రానికీ మధ్య, ఆ యంత్రానికీ వినిపించే బూరకూ మధ్య ఉండే దూరంలో ఏ భాగాన్ని పొడవుగా ఉంచాలి, ఏ భాగాన్ని పొట్టిగా ఉంచాలి అన్న ప్రశ్న మైకుసెట్లు వచ్చిన కాలం నుంచి నేటి ల్యాప్‌టాపుల కాలం దాకా మారలేదు; జవాబు మాత్రం యంత్రం మారినప్పుడల్లా మారుతూ వచ్చింది.

మైకు రాకముందు నాటకానికి తీగతో పనిలేదు. హార్మోనియం ఎక్కువ శ్రుతిలో పెట్టుకొని, గొంతును ఎత్తి, రాగాన్ని సాగదీసి వేలమందికి వినిపించగల శక్తి ఉన్నవాడే పద్యనటుడుగా నిలిచేవాడు. 1916లో తెనాలి నుంచి రేపల్లెకు రైలుమార్గం పడ్డాక డెల్టా చివరి ఊళ్లకు రాకపోకలు సులువయ్యాయి గాని, ఆరుబయట, పొలంగట్ల నడుమ, సముద్రపు గాలికి ఎదురుగా పాడవలసిన శ్రమ మాత్రం తగ్గలేదు. అప్పటి పద్యగానంలో కనిపించే సుదీర్ఘ ఆలాపనకు సంగీతాభిరుచి ఎంత కారణమో, దూరం కూడా అంతే కారణమని చెప్పడం అన్యాయం కాదు.

శబ్దాన్ని విద్యుత్తుగా మార్చి, పెంచి, తిరిగి శబ్దంగా వెదజల్లే ఏర్పాటు అమెరికాలో 1915 నాటికి, తరువాత మాగ్నావాక్స్ సంస్థను నెలకొల్పినవారి చేతుల్లో, బహిరంగ సభలకు పనికివచ్చే స్థితికి చేరింది. మన దేశంలో 1930ల నుంచి కాంగ్రెసు మహాసభలకు మోట్వానే కుటుంబపు షికాగో రేడియో సంస్థ లౌడుస్పీకర్లు సమకూర్చడంతో జాతీయోద్యమపు గొంతు పెద్ద మైదానాలకు పాకింది. స్వాతంత్ర్యం తరువాతి దశాబ్దాల్లో అద్దెకిచ్చే మైకుసెట్లు పల్లెలదాకా వచ్చాయి. కరెంటు లేని ఊళ్లలో బ్యాటరీతో నడిచే యాంప్లిఫయర్లు, ఉన్న ఊళ్లలో వాల్వులవి, తరువాత ట్రాన్సిస్టర్లవి, చెట్టుకొమ్మకో తాటి వాసానికో కట్టిన బూరలు, వీటన్నిటినీ కలిపే తీగచుట్టలు ఉన్నవాడే మైకుసెట్టు యజమాని. పెళ్లి, శ్రీరామనవమి పందిరి, వినాయక చవితి, బుర్రకథ, హరికథ, ఎన్నికల ప్రచారం, చివరికి చావు ఇంట ఘంటసాల భగవద్గీత రికార్డు, అన్నిటికీ ఆయనే కావాలి.

ఆయన చేతిలోని తీగలు రెండు రకాలవి, వాటి స్వభావాలు ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. మైకు నుంచి వచ్చే విద్యుత్తు కొన్ని మిల్లీవోల్టులకు మించదు. అంత బలహీనమైన సంకేతాన్ని మోసే తీగ పొడవు పెరిగేకొద్దీ పక్కనే ఉన్న కరెంటు తీగలోని 50 హెర్ట్జుల గుంయ్ శబ్దం అందులోకి దూరుతుంది. పైగా ఎక్కువ నిరోధం గల మైకు అయితే, తీగలోని రెండు లోహాల మధ్య పుట్టే కెపాసిటెన్సు సన్నని స్వరాలను మింగి, పది మీటర్లు దాటేసరికి గొంతు దుప్పటి కప్పుకొని పాడినట్టు వినిపిస్తుంది. దీనికి మందు టెలిఫోను నుంచి వచ్చింది. గ్రాహం బెల్ 1881లోనే రెండు తీగలను మెలిపెట్టి వాడే పద్ధతికి పేటెంటు పొందాడు. మెలిపెట్టిన జంటలో బయటి చప్పుడు రెండింటిలోనూ సమానంగా చేరుతుంది, మైకు సంకేతం మాత్రం ఒకదానిలో ఒక దిశగా, రెండోదానిలో వ్యతిరేక దిశగా నడుస్తుంది. అవతలి కొసన ట్రాన్స్‌ఫార్మరు ఆ రెండింటి తేడాను మాత్రమే తీసుకుంటుంది కనుక ఉమ్మడిగా చేరిన చప్పుడు కొట్టుకుపోతుంది. బ్యాలెన్సుడు లైను అని పిలిచే ఈ ఏర్పాటుతో తక్కువ నిరోధం గల మైకు వైరును వంద మీటర్లు లాగినా గొంతు చెడదు.

బూర వైపు చిక్కు ఇంకొకటి. అక్కడ సంకేతం బలహీనం కాదు, బలమైనది. కనుక నష్టం చప్పుడు రూపంలో గాక వేడి రూపంలో జరుగుతుంది. ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత వైశాల్యం గల రాగితీగను వంద మీటర్ల దూరం లాగితే, రానూపోనూ కలిపి దాని నిరోధం మూడున్నర ఓముల దగ్గరికి వస్తుంది. ఎనిమిది ఓముల స్పీకరును నేరుగా తగిలిస్తే యాంప్లిఫయరు ఇచ్చిన శక్తిలో దాదాపు 30 శాతం తీగలోనే కాలిపోతుంది. అదే శక్తిని ట్రాన్స్‌ఫార్మరుతో వంద వోల్టుల స్థాయికి ఎత్తి పంపి, బూర దగ్గర మరో చిన్న ట్రాన్స్‌ఫార్మరుతో దించుకుంటే, 30 వాట్లకు నష్టం ఒక శాతం దగ్గర ఆగుతుంది. ఊరి మొదట్లో ఒక బూర, చెరువుగట్టున ఒక బూర కట్టగలగడానికి ఆధారం ఈ వంద వోల్టుల లైను. అందువల్లనే మైకుసెట్టును స్టేజీ పక్కనే, నటులకు దగ్గరగా పెట్టి, పొడవంతా బూరల వైపు వదిలే ఆనవాయితీ స్థిరపడింది. విద్యుచ్ఛాస్త్రం చదవని కుర్రాళ్లు పని మీద నేర్చుకున్న ఈ విద్యకు నాటక చరిత్రలో ఒక అధ్యాయం దక్కవలసింది.

పొట్టి మైకు వైరు నటనను కూడా మార్చింది. స్టేజీ ముందంచున మధ్యలో, పైనుంచి తాడుతోపాటు దిగిన వైరుకు వేలాడే మైకు చాలాకాలం పద్యనాటకానికి గుర్తుగా ఉండేది. వచనం ఎక్కడ నిలబడి చెప్పినా, పద్యం ఎత్తుకోవలసి వచ్చేసరికి నటుడు ఆ మైకు కిందికి నడిచివచ్చి, తల కాస్త పైకెత్తి, ప్రేక్షకులకు ఎదురుగా నిలబడి పాడి తిరిగి తన చోటికి వెళ్లేవాడు. అలా దగ్గరికి రావడం వల్ల రంగస్థలం మీద పాత్రల మధ్య దూరాలు, చూపులు, కదలికలు మైకు ఉన్న చోటును బట్టి ఏర్పడ్డాయి. గొంతుకు విశ్రాంతి దొరికింది గాని కదలికకు దొరకలేదు. ఈ మార్పు మేలో కీడో తేల్చడం కష్టం, కాని దాన్ని నటుల అలవాటుగా మాత్రమే చూసి వైరును మరచిన విమర్శ అసంపూర్ణం.

శబ్దపు మూలం రికార్డు నుంచి క్యాసెట్టుకు, క్యాసెట్టు నుంచి సీడీకి మారినంతకాలం తీగల సూత్రం కదలలేదు. కంప్యూటరు వచ్చాక కదిలింది. 1996లో ఇంటెల్ తదితర ఏడు సంస్థలు కలిసి ప్రకటించిన యూఎస్‌బీ, అంటే కంప్యూటరుకు రకరకాల పరికరాలను ఒకే తరహా సాకెట్టుతో తగిలించే పద్ధతి, రూపొందడంలో భారతీయ అమెరికన్ ఇంజనీరు అజయ్ భట్ ప్రముఖ పాత్ర వహించారు. ఈ తీగలో శబ్దం శబ్దంగా ప్రయాణించదు. సెకనుకు 44,100 సార్లు కొలిచిన అంకెలుగా, వేయివంతు సెకనుకో మూట చొప్పున ప్రయాణిస్తుంది. 2000లో వచ్చిన రెండో తరం యూఎస్‌బీ వేగం సెకనుకు 480 మెగాబిట్లు కాగా, రెండు చానెళ్ల సీడీ నాణ్యత శబ్దానికి కావలసింది ఒకటిన్నర మెగాబిట్లకు లోపే. ఇంత వెసులుబాటు ఉండి కూడా దాని తీగకు హద్దు అయిదు మీటర్లు మాత్రమే.

కారణం గుంయ్ శబ్దమూ కాదు, వేడీ కాదు, కాలం. యూఎస్‌బీలో కంప్యూటరు అడిగితేనే పరికరం పలుకుతుంది. అడిగిన తరువాత జవాబు కోసం కంప్యూటరు ఆగేది సుమారు ఒకటిన్నర మైక్రోసెకన్లు. సంకేతం మీటరు తీగను దాటడానికి అయిదు నానోసెకన్ల పైచిలుకు పడుతుంది కనుక, మధ్యలో వరుసగా అయిదు హబ్బులు, అంటే ఒక సాకెట్టును పలు సాకెట్లుగా చీల్చే పెట్టెలు, ఉన్నా జవాబు గడువులోగా తిరిగివచ్చేలా ఒక్కొక్క తీగకు 26 నానోసెకన్ల ఆలస్యాన్ని, అంటే అయిదు మీటర్లను హద్దుగా పెట్టారు. దీనికి తోడు అదే తీగలో అయిదు వోల్టుల కరెంటు కూడా నడుస్తుంది. తీగ బాగా సన్ననిదైతే అర ఆంపియరు ప్రవాహానికి అయిదు మీటర్లలో ఒక వోల్టు పడిపోయి, అవతలి పరికరం అర్ధాకలితో పనిచేస్తుంది. ఆ వైఫల్యపు తీరు కూడా వేరు. మైకు వైరు పొడవైతే గొంతు క్రమంగా మసకబారేది. యూఎస్‌బీలో శబ్దపు మూటలు పోతే వాటిని మళ్లీ పంపే ఏర్పాటు లేదు కనుక, అంతా బాగుందనుకున్న పాట మధ్యలో టక్కుమని తెగుతుంది, లేదా పరికరమే మాయమవుతుంది.

నేడు పెళ్లి వేదిక పక్కన, చర్చిలో కీబోర్డు పక్కన ల్యాప్‌టాపు ఉండి, శబ్దాలన్నిటినీ కలిపి సరిచూసే మిక్సరు జనం వెనుక ముప్పై నలభై మీటర్ల దూరాన ఉంటున్నది. అక్కడికి పొడవైన యూఎస్‌బీ తీగ లాగాలన్న ఆలోచన మొదట అందరికీ వస్తుంది. మధ్యలో సంకేతాన్ని తిరిగి నిలబెట్టే రిపీటరు తీగలను కలిపితే, అయిదు హబ్బులు ఆరు తీగల లెక్కన సిద్ధాంతరీత్యా 30 మీటర్ల దాకా వెళ్లవచ్చు గాని, ప్రతి అతుకూ ఒక కొత్త బలహీనతే. దానికన్నా మేలైన దారి పాత మైకుసెట్టు పద్ధతి లోపలే ఉంది. అంకెలను శబ్దంగా మార్చే ఆడియో ఇంటర్‌ఫేసు అనే పెట్టెను ల్యాప్‌టాపుకు మీటరు దూరంలో ఉంచి, యూఎస్‌బీని పొట్టిగానే వదిలి, అక్కడి నుంచి మిక్సరు దాకా బ్యాలెన్సుడు లైను లాగితే సరిపోతుంది. ల్యాప్‌టాపు చార్జరు ఒక సాకెట్టులో, యాంప్లిఫయరు ఇంకొక సాకెట్టులో ఉన్నప్పుడు వాటి ఎర్తుల మధ్య తేడా వల్ల పుట్టే గుంయ్ శబ్దానికి కూడా మందు బ్యాలెన్సుడు లైను కొసన ఉండే ట్రాన్స్‌ఫార్మరే.

దూరం తప్పనిసరిగా అంకెల రూపంలోనే దాటవలసి వస్తే వంద మీటర్ల దాకా వెళ్లే నెట్‌వర్కు తీగ, అంతకు మించితే గాజుతంతువు ఉన్నాయి. గాజుతంతువు కరెంటును మోయదు కనుక ఎర్తుల గొడవ అందులో ఉండదు, అదే కారణం చేత అవతలి కొసన విడిగా అడాప్టరు పెట్టవలసి వస్తుంది. నిజాంపట్నం వంటి తీరపు ఊళ్లలో ఇంకొక విషయం లెక్కలోకి రావాలి. అక్కడి ఉప్పుగాలికి రాగికి పచ్చటి చిలుము పడుతుంది. పాత బూర వైరు కొస చిలుము పడితే కత్తితో గీకి, కొత్త రాగి కనిపించేదాకా ఒలిచి, మళ్లీ మెలిపెట్టి బిగించేవారు. యూఎస్‌బీ మొనలోని సన్నని రేకులను అలా గీకి బాగుచేయడానికి వీలులేదు, మొత్తం తీగనే మార్చాలి. అందుకే సముద్రపు ఒడ్డున పనిచేసేవారికి తీగ పొడవుతో సమానంగా అతుకుల సంఖ్య తగ్గించడమూ ముఖ్యమవుతుంది.