పండుగకు వచ్చే యముడు, వెంట నడిచిన సావిత్రి

ఇంగ్లీషు వాళ్లకు క్రిస్మస్ పండుగకు ఒక దయ్యాల కథ ఉంది. చార్లెస్ డికెన్స్ 1843లో రాసిన చిన్న నవల అది. పిసినారి ముసలాయన దగ్గరికి పండుగ రాత్రి దయ్యాలు వస్తాయి, చివరికి ఆయన సమాధి రాయిని ఆయనకే చూపిస్తాయి. ఆ కథను 1901లోనే కొన్ని నిమిషాల మూగ సినిమాగా తీశారు. అప్పటి నుంచి తరం తరం మళ్లీ మళ్లీ తీస్తూనే ఉన్నారు. ఏ సినిమాలో దయ్యం బాగుంది, ఏ సినిమాలో ముసలాయన బాగున్నాడు అని పండుగ పూట కూర్చుని వాదించుకుంటారట.

ఇది చదివినప్పుడు మనకు అలాంటిది ఏముందా అని ఆలోచించాను. పండుగకు చచ్చిపోయినవాళ్లు ఇంటికి రావడం మనకు కొత్త కాదు. పెత్రమాస నాడు పెద్దల పేరు చెప్పి బియ్యం ఇచ్చి, అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడే ఊళ్లు మనవి. దీపావళి వెళ్లిన రెండో రోజు యమవిదియ. ఆ రోజు యముడు చెల్లెలు యమున ఇంటికి వచ్చి ఆమె చేతి వంట తిన్నాడనే కదా, అన్నదమ్ములను పిలిచి అన్నం పెడతాం. ఇక సంక్రాంతి. మా ధర్మసాగర్ వైపు సంక్రాంతి నోములంటే పసుపు కుంకుమలు పంచుకోవడమే ఎక్కువ. కోస్తా వైపు అయితే ముక్కనుమ నాడు కొత్త పెళ్లికూతుళ్లు సావిత్రి గౌరి నోము పడతారు. మట్టి బొమ్మలు పెట్టి తొమ్మిది రోజులు తొమ్మిది రకాల పిండివంటలు నైవేద్యం పెట్టి, తర్వాత ఆ బొమ్మలను నీళ్లలో వదులుతారు. అందుకే బొమ్మల నోము అని కూడా అంటారు.

అంటే మన పండుగలకు వచ్చే చుట్టం యముడే. ఆయన కథల్లో పెద్ద కథ సావిత్రిది. దాన్ని కూడా మనవాళ్లు మళ్లీ మళ్లీ తీశారు. ఆ సినిమాలను వరుసగా పెట్టి చూస్తే నాకు ఒక సంగతి కనిపించింది. అది చెప్పాలంటే ముందు అసలు కథకు వెళ్లాలి.

మహాభారతంలో ఈ కథ అరణ్యపర్వంలో ఉంది. తెలుగులో నన్నయ వదిలిన చోటి నుంచి ఎఱ్ఱన పూరించిన భాగంలోకి వస్తుంది. అడవిలో ధర్మరాజుకు మార్కండేయుడు చెబుతాడు. మద్రదేశపు రాజు అశ్వపతి కూతురు సావిత్రి. అడగడానికి ఎవరూ ధైర్యం చేయకపోతే తండ్రి రథమిచ్చి, నీకు తగినవాణ్ని నువ్వే వెతుక్కో అంటాడు. ఆమె రాజ్యం పోయి, చూపు పోయి అడవిలో ఉన్న ద్యుమత్సేనుడి కొడుకు సత్యవంతుణ్ని ఎంచుకుంటుంది. ఏడాదిలో చనిపోతాడని నారదుడు చెప్పినా మాట మార్చుకోదు. ఇంతవరకు అందరికీ తెలుసు.

అసలు బలమంతా ఆ తర్వాత ఉంది. భర్త తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పుడు ఎర్రని బట్టలతో, చేతిలో పాశంతో ఒకాయన ఎదురుగా నిలబడితే ఆమె కేకలు పెట్టదు. లేచి నిలబడి, మీరెవరు, ఏం పని మీద వచ్చారు అని అడుగుతుంది. ఇంటికొచ్చిన పెద్దమనిషిని అడిగినట్టే. ఆయన బొటనవేలంత ప్రాణాన్ని పట్టుకుని దక్షిణానికి నడుస్తుంటే వెంట నడుస్తుంది. ఏడడుగులు కలిసి నడిస్తే స్నేహం కుదిరినట్టే అంటారు పెద్దలు, మీతో నడిచాను కాబట్టి ఒక మాట చెబుతాను వినండి అని మొదలుపెడుతుంది. మంచివాళ్లతో సహవాసం గురించి, ధర్మం గురించి, దయ గురించి మాట్లాడుతుంది. యముడు మెచ్చుకునేది ఏమిటో తెలుసా? ఆమె ఉచ్చారణను, మాటలోని యుక్తిని. తెలుగు బి.ఏ. చదివినదాన్ని కదా, నాకు ఆ చోటు ఎప్పుడు చదివినా గర్వంగా ఉంటుంది.

వరాల దగ్గర కూడా మనం చిన్నప్పుడు విన్నట్టు 'పిల్లలు కావాలని అడిగి యముణ్ని బోల్తా కొట్టించింది' అన్నంత తేలిక కాదు. మామగారి చూపు, ఆయన రాజ్యం, తన తండ్రికి కొడుకులు, తనకు సత్యవంతుడి వల్ల కొడుకులు, ఇలా నాలుగు వరాలు. ప్రతిసారీ 'వీడి ప్రాణం తప్ప' అనే షరతుతోనే ఇస్తాడు. ఐదోసారి ఆమె మాటలకు మురిసిపోయి ఆ షరతు పెట్టడం మరిచిపోతాడు. ఆమె వెంటనే పట్టుకుంటుంది. ఈసారి మినహాయింపు లేదు కాబట్టి సత్యవంతుడు బతకాలి అంటుంది. మంచి వకీలు కాగితం చదివినట్టు విన్నదన్నమాట.

ఇప్పుడు సినిమాలు. ఫాల్కే 1914లోనే సత్యవాన్ సావిత్రి తీశారు. 1923లో ఇటలీ వాళ్లతో కలిసి తీసిన మూగ సినిమాలో సావిత్రి వేషం రీనా ద లిగువోరో అనే ఇటాలియన్ నటి వేసింది. తెలుగులో మొదటి టాకీ వచ్చిన మరుసటి ఏడాదే, అంటే 1933లో, సి. పుల్లయ్య గారి 'సావిత్రి' వచ్చింది. మద్రాసులో అప్పటికి టాకీ స్టూడియో లేదు. కలకత్తా ఈస్ట్ ఇండియా ఫిల్మ్ కంపెనీ తీసింది. మైలవరం బాలభారతి సమాజం వాళ్లు ఆడుతున్న నాటకమే దానికి ఆధారం. యముడు వేమూరి గగ్గయ్య, సావిత్రి దాసరి రామతిలకం, సత్యవంతుడు నిడుముక్కల సుబ్బారావు. గగ్గయ్య గారు యముడిగా సావిత్రిని వెనక్కి పొమ్మని గద్దించే పద్యం ఆ రోజుల్లో జనం నోళ్లలో నానింది. మా ముందు తరం వాళ్లు గట్టిగా అరిచేవాళ్లను 'గగ్గయ్య యముడు' అనేవాళ్లు.

నాటకం నుంచి వచ్చిన సినిమా కాబట్టి అక్కడ వాదన పద్యాల్లోనే. ఆయన ఒక పద్యం అందుకుంటే ఆమె ఒక పద్యం అందుకోవాలి. రామతిలకం స్టేజీ మీద పాడి పేరు తెచ్చుకున్న నటి. ఎదుటివాడి గొంతు ఎంత పెద్దదైనా తన గొంతుతోనే తను నిలబడాలి. అందుకే నా లెక్కలో భారతంలోని సావిత్రికి దగ్గరగా ఉన్నది ఆ పాతకాలపు పద్ధతే. సినిమా పేరు కూడా ఉత్త 'సావిత్రి', ముందు 'సతీ' లేదు.

తమిళంలో 1941లో వచ్చిన 'సావిత్రి' సంగతి చెప్పకుండా ఉండలేను. తీసింది మన నెల్లూరు మనిషి వై.వి. రావు. సావిత్రి మరాఠీ నటి శాంతా ఆప్టే. నారదుడు ఎవరనుకున్నారు, ఎమ్మెస్ సుబ్బులక్ష్మి! ఆ వేషానికి వచ్చిన డబ్బును 'కల్కి' పత్రిక పెట్టడానికి ఇచ్చారామె. ఒక ఆడమనిషి మగవేషం కట్టి సంపాదించిన డబ్బుతో ఒక పత్రిక పుట్టింది. సావిత్రి ఖాతాలో ఇది కూడా రాయాలి.

1957లో 'సతీ సావిత్రి'. దర్శకుడు కె.బి. నాగభూషణం. సత్యవంతుడు అక్కినేని, సావిత్రి ఎస్. వరలక్ష్మి, యముడు ఎస్వీ రంగారావు. వరలక్ష్మి తన పాటలు తనే పాడుకోగల నటి. రంగారావు ఎదుట నిలబడి మాట్లాడటం అంటే మాటలు కాదు, అయినా ఆమె చిన్నబోదు. కానీ అప్పటికే పేరులోకి 'సతీ' వచ్చి చేరింది. తెలివి వెనక్కి జరిగి, పాతివ్రత్యం ముందుకు వచ్చింది.

దీన్ని నేను ఎందుకింత పట్టించుకుంటున్నానో చెబుతాను. మా దగ్గరి చుట్టాల్లో ఒకామె ఇరవై ఆరేళ్లకే భర్తను పోగొట్టుకుంది. జ్వరం అనుకున్నారు, పట్నం తీసుకుపోయేసరికే ఆలస్యమైంది. నోముల రోజు వాయనాలు ఇచ్చే చోటికి ఆమెను పిలవరు. ఆమె కూడా రాదు, వెనక వంటింట్లో అరిసెలు ఒత్తుతూ ఉంటుంది. ఒకసారి టీవీలో సావిత్రి సినిమా వస్తుంటే, చూస్తున్న పెద్దావిడ ఒకరు 'పతివ్రత గనుక యముడి దగ్గరి నుంచి తెచ్చుకుంది' అన్నారు. ఎవరినీ అనాలని అన్నది కాదు. కానీ వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. తెచ్చుకోలేనివాళ్ల సంగతేమిటి మరి? వాళ్ల పాతివ్రత్యం తక్కువైందనా?

భారతంలో ఆ మాట ఎక్కడా లేదు. సత్యవంతుడి ఆయువు తీరింది, అందుకే పోయాడు. అందులో భార్య తప్పు గానీ లోపం గానీ ఎవరూ ఎంచలేదు. మూడు రాత్రుల వ్రతం చేసినా అతని ప్రాణం పోయింది కదా! తిరిగి వచ్చింది ఆమె మాట వల్ల. అంతెందుకు, భర్త పోయిన కుంతి లేకపోతే భారతమే లేదు. ఆమెను తక్కువ చేసి మాట్లాడినవాడు అందులో ఉన్నాడా? పతిభక్తి కథగా ఒక్కటే చెబితే, ఈ కథ సగం మంది ఆడవాళ్లకు దెబ్బగా తగులుతుంది. మాట నేర్పు కథగా చెబితే అందరికీ పనికొస్తుంది.

మళ్లీ సినిమాల దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఆ తర్వాత జరిగింది విచిత్రం. 1933లో గగ్గయ్య యముడితో జనాన్ని వణికించిన సి. పుల్లయ్య గారే 1960లో 'దేవాంతకుడు' తీశారు. చచ్చిపోయి యమలోకం వెళ్లిన కుర్రాడు అక్కడ గొడవ చేసే కథ. కుర్రాడు ఎన్టీఆర్, యముడు ఎస్వీ రంగారావు. అంటే మూడేళ్ల కింద సావిత్రి ముందు గంభీరంగా నిలబడిన రంగారావే ఇక్కడ నవ్విస్తాడు. యముడంటే జనానికి భయం తగ్గిందనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

1977లో 'యమగోల'. తాతినేని రామారావు దర్శకత్వం, డి.వి. నరసరాజు మాటలు. ఎన్టీఆర్ యమలోకంలో యమభటులతోనే సమ్మె చేయిస్తాడు. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది అది, జనం ఎందుకు అంతగా చప్పట్లు కొట్టారో ఊహించుకోవచ్చు. యముడు కైకాల సత్యనారాయణ, చిత్రగుప్తుడు అల్లు రామలింగయ్య. మరుసటి ఏడాది, 1978లో, అదే ఎన్టీఆర్ 'సతీ సావిత్రి'లో యముడి కిరీటం పెట్టుకున్నారు. బి.ఏ. సుబ్బారావు దర్శకుడు, సావిత్రి వాణిశ్రీ, సత్యవంతుడు కృష్ణంరాజు. నిన్న యముణ్ని గేలి చేసిన మనిషి ఇవాళ యముడయ్యాడు. అంత పెద్ద హీరో యముడి వేషం వేస్తే హాలుకు వచ్చేవాళ్లు ఎవరికోసం వస్తారు? సావిత్రి కథ అప్పటికి యముడి కథ అయిపోయింది. వాణిశ్రీ మీద నాకు ఫిర్యాదు లేదు, ఆమె కళ్లతోనే సగం వాదించగలదు. అయినా ఎదురుగా ఎన్టీఆర్ ఉంటే కెమెరా అటే చూస్తుంది.

ఆ తర్వాత సావిత్రి పూర్తిగా పక్కకు పోయింది, యముడు మాత్రం మిగిలాడు. 1988లో 'యముడికి మొగుడు', 2007లో 'యమదొంగ'. మొదటిదాంట్లో చిరంజీవి, రెండోదాంట్లో జూనియర్ ఎన్టీఆర్ యముడితో తలపడతారు. ఇప్పుడు యముడితో వాదించేది హీరో. గెలిచేదీ హీరోనే. నవ్వుకోవడానికి బాగుంటాయి, కాదనను, మా ఇంట్లో అందరం విరగబడి నవ్వాం. కానీ అడవి దారిలో ఒంటరిగా యముడి వెనక నడిచిన ఆడపిల్ల వీటిలో ఎక్కడ?

ఒక్క 'యమలీల' దగ్గర మాత్రం నాకు మనసు ఆగుతుంది. 1994లో ఎస్వీ కృష్ణారెడ్డి తీశారు. యముడు మళ్లీ సత్యనారాయణే, చిత్రగుప్తుడు బ్రహ్మానందం. పై నుంచి జారిపడిన భవిష్యత్తు పుస్తకం అలీ చేతికి దొరుకుతుంది. అందులో తల్లి చావు రాసి ఉందని తెలిసిన దగ్గర నుంచి ఆ అబ్బాయి నవ్వు మారిపోతుంది. తల్లి మంజుభార్గవి. నారదుడి మాట విని ఏడాది పాటు రోజులు లెక్కపెట్టుకున్న సావిత్రి బాధ ఉందే, అది ఇక్కడ కొడుకు కళ్లలో కనబడింది. ఎవరు చనిపోతారో తెలిసి, వాళ్ల ముందే మామూలుగా తిని తిరగడం. ఇంట్లో జబ్బు మనిషిని చూసుకున్నవాళ్లకు ఆ లెక్క తెలుసు.

నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన చోటు యముడు వెళ్లిపోయాక వస్తుంది. తెర మీద ఆయన మాయమైతే కథ అయిపోయినట్టే కాబట్టి దానికి అక్కడ చోటు తక్కువ. సత్యవంతుడు నిద్ర లేచినట్టు లేస్తాడు. చీకటి పడింది. అమ్మానాన్నలు ఎదురుచూస్తుంటారని కంగారు పడతాడు, కానీ నీరసంగా ఉంటాడు. సావిత్రి పండ్ల బుట్టను చెట్టు కొమ్మకు తగిలించి, రేపు తీసుకుందాం అంటుంది. గొడ్డలి మాత్రం తను పట్టుకుంటుంది. అతని చేయి తన భుజం మీద వేసుకుని, నడుం చుట్టూ పట్టుకుని అడవిలో ఇంటిదారి నడిపిస్తుంది. అక్కడ చూపొచ్చిన మామగారు, అత్తగారు కొడుకు కోసం వెతికి వెతికి కాళ్లకు ముళ్లు గుచ్చుకుని నెత్తురోడుతుంటారు. ఇంటికి చేరాక కూడా అందరూ అడిగేదాకా ఆమె జరిగింది చెప్పదు.

ఈ సంక్రాంతి సెలవులకు పిల్లలు ఇంటికొస్తే 1957 'సతీ సావిత్రి' ముందు పెట్టి, తర్వాత 'దేవాంతకుడు' పెట్టండి. రెండింటిలోనూ రంగారావు యముడే కాబట్టి వాళ్లకు సరదాగా ఉంటుంది. మధ్యలో కరెంటు పోతే గొడ్డలి, పండ్ల బుట్ట సంగతి మీరు చెప్పండి.