రవాణా వాహన డ్రైవర్లకు వైద్య ధ్రువపత్రం: నిబంధనలు, హక్కులు

గుజరాత్‌ను ఒడిశాతో కలిపే 53వ నంబరు జాతీయ రహదారి, జగదల్‌పూర్, భద్రాచలం మీదుగా విజయవాడ సమీపానికి చేరే 30వ నంబరు జాతీయ రహదారి రాయ్‌పూర్ మీదుగా సాగుతాయి. వీటిపై లారీలు, బస్సులు నడిపే డ్రైవర్లలో తెలుగువారూ ఉన్నారు. వారి ఉపాధికి ఆధారమైన లైసెన్సు వైద్య ధ్రువపత్రంతో ముడిపడి ఉంది.

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం రవాణా వాహనం నడిపేవారు వయసుతో నిమిత్తం లేకుండా ఫారం 1-ఏ సమర్పించాలి. రాష్ట్ర ప్రభుత్వం అధికారమిచ్చిన వైద్యుడే దానిపై సంతకం చేయాలి. దూరదృష్టి, వినికిడి, కాళ్లు, చేతులు, కీళ్ల పనితీరును వైద్యుడు ప్రత్యేకంగా పరీక్షిస్తారు. పగటి వెలుగులో 25 మీటర్ల దూరంలోని కారు నంబరు ప్లేటును చదవగలగాలి. రేచీకటి ఉన్నదీ లేనిదీ చూస్తారు. స్వల్ప, మధ్యస్థ స్థాయి వర్ణాంధత్వం ఉన్నవారికి 2020లో కేంద్రం సడలింపు ఇచ్చింది.

2019 సవరణతో రవాణా లైసెన్సు కాలపరిమితి మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. ప్రమాదకర సరుకులు రవాణా చేసేవారికి అది మూడేళ్లు. గడువుకు ఏడాది ముందు నుంచే నవీకరణకు దరఖాస్తు చేయవచ్చు. గడువు ముగిశాక గతంలో ఉన్న 30 రోజుల వెసులుబాటు ఇప్పుడు లేదు. ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ పరీక్షకు హాజరు కావాలి. వేరే రాష్ట్రంలో పొందిన లైసెన్సును రాయ్‌పూర్‌లోనూ నవీకరించుకోవచ్చు.

చూపు తగ్గిందని తెలిస్తే ఉపాధి పోతుందన్న భయంతో కొందరు పరీక్షను తప్పించుకోవాలని చూస్తారు. అయితే తగిన కళ్లద్దాలతో సరిదిద్దగల దృష్టి లోపం అనర్హత కాదు. అనారోగ్యం లేదా వైకల్యం కారణంగా అధికారి నవీకరణకు నిరాకరిస్తే, ఉత్తర్వు అందిన 30 రోజుల్లోగా అప్పీలు చేసుకునే హక్కు ఉంది. మరోవైపు, డ్రైవరు ఆరోగ్యంపై సహేతుకమైన అనుమానం కలిగితే గడువు మధ్యలోనైనా కొత్త ధ్రువపత్రం కోరే అధికారం రవాణా శాఖకు ఉంది.

ధ్రువపత్రం పరీక్ష జరిగిన నాటి స్థితిని మాత్రమే తెలుపుతుంది. రక్తంలో చక్కెర పరీక్ష నివేదికను ఫారం 1-ఏ అడగదు. మధుమేహం కంటి రెటీనాను దెబ్బతీస్తున్నా తొలిదశలో లక్షణాలు కనిపించకపోవచ్చు. మందులు వాడేవారికి చక్కెర ఒక్కసారిగా పడిపోతే స్టీరింగ్ వద్దే స్పృహ తప్పే ముప్పుంది. నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉన్నవారికి పగలు కునుకు పట్టవచ్చు. కాబట్టి ఐదేళ్ల గడువు కోసం ఎదురుచూడకుండా ఏటా కంటి, రక్తపోటు, చక్కెర పరీక్షలు చేయించుకోవడం డ్రైవరుకూ ప్రయాణికులకూ క్షేమకరం.