గోల్‌బజార్ నుంచి హిజ్లీ వరకు: మూడు నడకల్లో ఖరగ్‌పూర్ చరిత్ర

పశ్చిమ బెంగాల్‌లోని పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో, హౌరాకు సుమారు 116 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఖరగ్‌పూర్‌ను చాలామంది తెలుగువారు రైలు కిటికీలోంచి మాత్రమే చూసి ఉంటారు. విశాఖపట్నం వైపు నుంచి హౌరాకు వెళ్లే రైలు అక్కడ కొద్ది నిమిషాలు ఆగుతుంది. బెంగాల్ గడ్డపై తెలుగు మాట వినిపించిందేమిటని ప్రయాణికుడు తలెత్తి చూసేలోగా రైలు కదులుతుంది. ఆ మాట వెనుక నూట పాతికేళ్ల చరిత్ర ఉంది. దాన్ని తెలుసుకోవాలంటే రైలు దిగి నడవాలి.

పాత పట్టణాలను ఒక ఇతివృత్తం ప్రకారం, మార్గదర్శి వెంట కాలినడకన చూసే పద్ధతి ఇంగ్లండ్‌లోని రేవు పట్టణాల్లో బాగా స్థిరపడింది. వ్యాపారం, వలస, యుద్ధం, కార్మిక జీవనం వంటి అంశాల్లో ఒకదాన్ని తీసుకుని, దానికి సంబంధించిన వీధులనే కలుపుతూ సాగడం ఈ నడకల ప్రత్యేకత. మన దేశంలో ఫోర్ట్ కొచ్చిలోనూ, ఆంగ్లేయుల పాత స్థావరమైన విశాఖపట్నం వన్‌టౌన్‌లోనూ ఇటువంటివి జరిగాయి. ఖరగ్‌పూర్‌కు సముద్రం లేదు. అయినా రేవులో ఓడ చేసిన పనిని ఇక్కడ రైలు చేసింది. దూరదేశాల మనుషులను, భాషలను, దేవుళ్లను తెచ్చి ఒకేచోట దింపింది.

తెలుగువారు ఎలా వచ్చారు?

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. కటక్ వైపు నుంచి వచ్చే మార్గం, నాగ్‌పూర్ వైపు నుంచి వచ్చే మార్గం కలిసే చోటు కావడంతో ఖరగ్‌పూర్ జంక్షన్ అయింది. 1900లో కోలాఘాట్ వద్ద రూప్‌నారాయణ్ నదిపై వంతెన తెరుచుకోవడంతో హౌరాకు నేరుగా దారి ఏర్పడింది.

తీరం వెంబడి కటక్ నుంచి బెజవాడ దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే 1893-96 మధ్య పట్టాలు వేసింది. ఇందులో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వచ్చింది. దీంతో ఇచ్ఛాపురం, పలాస, శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలన్నీ ఖరగ్‌పూర్ ఉన్న కంపెనీ పరిధిలోకే చేరాయి. ఉత్తరాంధ్ర నుంచి ఓడలెక్కి రంగూన్‌కు కూలికి వెళ్లడం అప్పటికే అలవాటైన పని. రైలు ఆ వలసకు మరో దిక్కు చూపించింది. పట్టాలు వేసేవారుగా, ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, గుమాస్తాలుగా వచ్చినవారు కుటుంబాలను తెచ్చుకున్నారు. తండ్రి తరువాత కొడుకు రైల్వేలో చేరడం అనేక ఇళ్లలో ఆనవాయితీ అయింది.

మొదటి నడక: పట్టాలు, పనిముట్లు

ఈ నడక స్టేషన్‌లోనే మొదలవుతుంది. ఇక్కడి ప్లాట్‌ఫాం పొడవు 1,072.5 మీటర్లు. దీర్ఘకాలం ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పాఠ్యపుస్తకాలకెక్కిన ఈ ప్లాట్‌ఫాంను 2013లో గోరఖ్‌పూర్, 2023లో 1,507 మీటర్లతో హుబ్బళ్లి అధిగమించాయి. ఒక కొస నుంచి మరో కొసకు నడవడానికి పావుగంట పడుతుంది. క్రికెటర్ మహేంద్రసింగ్ ధోనీ 2001-03 మధ్య టికెట్ తనిఖీ ఉద్యోగిగా పనిచేసిన స్టేషన్ కూడా ఇదే.

స్టేషన్ తరువాతి మజిలీ రైల్వే వర్క్‌షాప్. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో రూపుదిద్దుకున్న ఈ కర్మాగారమే పట్టణానికి అన్నం పెట్టింది. కార్మికోద్యమానికి పుట్టినిల్లు కూడా అయింది. 1927లో ఇక్కడి కార్మికులు రెండుసార్లు పోరాటంలోకి దిగారు. ఫిబ్రవరిలో సమ్మె జరిగింది. సెప్టెంబరులో పెద్ద సంఖ్యలో ఉద్యోగాల తొలగింపు వార్త రాగా, తరువాతి ప్రతిష్టంభన డిసెంబరు వరకు సాగింది. ఆ కాలంలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికులను సంఘటితం చేసిన నాయకుల్లో బరంపురానికి చెందిన తెలుగువాడు వి.వి. గిరి ముఖ్యుడు. 1969లో ఆయన రాష్ట్రపతి అయ్యారు. రాష్ట్రపతి భవన్‌కు చేరిన ఆ జీవితంలో ఇటువంటి వర్క్‌షాపుల గేట్ల ముందు గడిచిన రోజులున్నాయని చెప్పడానికి ఇంతకంటె తగిన చోటు లేదు.

రెండో నడక: గోల్‌బజార్, క్వార్టర్లు

రైల్వే కాలనీని కంపెనీ హోదాను బట్టి, జాతిని బట్టి విభజించి కట్టింది. ఐరోపా అధికారులకు విశాలమైన తోటల మధ్య బంగళాలు, ఆంగ్లో ఇండియన్ ఉద్యోగులకు మరో తరహా ఇళ్లు, భారతీయ కార్మికులకు వరుస గదులు కేటాయించారు. ఇక్కడి ఆంగ్లో ఇండియన్ కుటుంబాల జీవితాన్ని మానవశాస్త్రవేత్త లారా బేర్ తన పరిశోధనలో నమోదు చేశారు. తెలుగు కార్మికుల కుటుంబాలపై అంతటి శ్రద్ధ పడలేదు. వారి చరిత్ర ఎక్కువగా ఇళ్లలోని ట్రంకుపెట్టెల్లో, పెద్దల జ్ఞాపకాల్లో ఉండిపోయింది.

ఈ విభజన గీతలన్నీ చెరిగిపోయే చోటు గోల్‌బజార్. ఏ క్వార్టర్‌లో ఉన్నా కూరగాయలకూ, బట్టలకూ, పెళ్లి సామానుకూ ఇక్కడికే రావాలి. బెంగాలీ, హిందీ, ఒడియా, తెలుగు ఒకే బేరంలో కలిసిపోతాయి. ఖరగ్‌పూర్‌ను ‘చిన్న భారతదేశం’ అని పిలవడంలోని అర్థం ఈ బజారులో తెలుస్తుంది. శరదృతువులో ఒకవైపు దుర్గా పూజ పందిళ్లు వెలుస్తాయి, మరోవైపు రావణ దహనానికి జనం పోటెత్తుతారు. ఎండాకాలం వస్తుండగా తెలుగువారు జరుపుకొనే అమ్మవారి సంబరాన్ని ఇక్కడ ‘మాతా పూజ’ అంటారు. మథురాకాటి, నింపురా, మలంచా వంటి పేటల్లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. బజారు రైల్వే భూమిపై పెరగడం వల్ల దుకాణాలకైనా, క్వార్టర్లకైనా భూమిపై మాట రైల్వేదే. ఉద్యోగ విరమణ రోజున క్వార్టర్ తాళం తిరిగి ఇచ్చేయవలసిన కుటుంబానికి ‘సొంత ఊరు ఏది?’ అన్న ప్రశ్న తేలికైనది కాదు.

మూడో నడక: హిజ్లీ

మూడో ఇతివృత్తం స్వాతంత్ర్య సమరం. స్టేషన్ నుంచి దాదాపు 5 కిలోమీటర్ల దూరంలోని హిజ్లీలో బ్రిటిష్ ప్రభుత్వం 1930లో నిర్బంధ శిబిరం తెరిచింది. 1931 సెప్టెంబరు 16న అక్కడ నిరాయుధులైన నిర్బంధితులపై కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించారు. వారి భౌతికకాయాల కోసం సుభాష్ చంద్రబోస్ హిజ్లీకి వచ్చారు. రవీంద్రనాథ్ టాగూర్ కలకత్తా బహిరంగ సభలో ఈ కాల్పులను తీవ్రంగా ఖండించారు. రెండో ప్రపంచ యుద్ధంలో 1944 నుంచి అమెరికా బాంబర్ కమాండ్ ఒకటి ఖరగ్‌పూర్ కేంద్రంగా పనిచేసింది.

దేశంలో మొట్టమొదటి ఐఐటీ ఈ నిర్బంధ శిబిర భవనంలోనే తరగతులు నిర్వహించింది. 1951 ఆగస్టు 18న మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ దాన్ని లాంఛనంగా ప్రారంభించారు. హిజ్లీ షహీద్ భవన్‌గా పేరు మారిన ఆ కట్టడంలో 1990 నుంచి నెహ్రూ శాస్త్ర సాంకేతిక ప్రదర్శనశాల ఉంది. ఒకప్పుడు మనుషులను బంధించిన గోడల మధ్య ఇప్పుడు విద్యార్థులు యంత్రాలను చూస్తారు. 1687లో జాబ్ చార్నాక్ నాయకత్వంలో ఆంగ్లేయులు మొగలు సేనతో పోరాడిన హిజ్లీ సముద్రతీరంలోని పాత రేవు. పేరు ఒకటే కావడంతో చాలామంది రెండింటినీ కలిపేస్తారు.

నడిచేవారికి సూచనలు

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం అనుకూలం. మొదటి రెండు నడకలను ఒకే రోజు, ఉదయం స్టేషన్ వైపు, సాయంత్రం గోల్‌బజార్ వైపు పెట్టుకోవచ్చు. హిజ్లీకి టోటో అని పిలిచే ఈ-రిక్షాలో వెళ్లి, అక్కడి నుంచి నడవడం మేలు. వర్క్‌షాప్ లోపలికి అనుమతి లేనిదే ప్రవేశం ఉండదు. ఐఐటీ ఆవరణలోకి వెళ్లే ముందు ప్రవేశ నియమాలు, ప్రదర్శనశాల వేళలు తెలుసుకోవాలి. మార్గదర్శిగా విశ్రాంత రైల్వే ఉద్యోగి ఒకరు దొరికితే అంతకంటె కావలసింది లేదు.

నిలవవలసింది ఏది?

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషగా గుర్తింపునిచ్చేందుకు ఆమోదం తెలిపింది. ఆ నిర్ణయం వెనుక ఖరగ్‌పూర్ తెలుగువారి చిరకాల కోరిక ఉంది. అయితే ఉత్తర్వు కార్యాలయంలో భాషకు చోటు ఇవ్వగలదు గాని, ఇంట్లో దాన్ని నిలపలేదు. 2003లో ఈస్ట్ కోస్ట్ రైల్వే ఏర్పడి వాల్తేరు డివిజన్ ఆగ్నేయ రైల్వే నుంచి విడిపోవడంతో, ఉత్తరాంధ్రను, ఖరగ్‌పూర్‌ను ఒకే జోన్‌లో ఉంచిన పాత బంధమూ సడలింది. తెలుగు మాట్లాడగలిగినా చదవలేని పిల్లల సంఖ్య పెరిగితే, తాతల ఉత్తరాలు ఇంట్లోనే పరాయి కాగితాలవుతాయి.

పాత రైల్వే పాసులు, జీతపు చీటీలు, సంఘం సభ్యత్వ కార్డులు, ఫొటోలను పారేయకుండా దాచి, పెద్దల మాటలను నమోదు చేయడం పెద్ద ఖర్చులేని పని. గోల్‌బజార్‌లో ఒక తాత తన మనవరాలికి తాను పనిచేసిన షాపు గేటు చూపించి, తన తండ్రి ఏ ఊరి నుంచి వచ్చాడో తెలుగులో చెబితే, అది కూడా చరిత్ర నడకే అవుతుంది.